పెనం అడిగిన అప్పు

పలాస రన్నింగ్ రూంలో
ముప్పయ్యొక్క ఏళ్లు వంట చేశాను.
రాత్రి రెండున్నరకి బండి దిగిన గార్డుకి
ఏం కావాలో
మెట్ల మీద బూట్ల చప్పుడు విని చెప్పేసేవాణ్ణి.

బేకన్ నాకు నేర్పింది ఖుర్దా గార్డు లోబో దొర.
పంది పొట్టమాంసం, ఉప్పు, బెల్లం, మిరియం,
వారం రోజుల ఓపిక.
"నువ్వు వండకు జక్కరయ్యా,
అదే వండుకుంటాది. నువ్వు పక్కకి నిలబడు"
వచ్చీరాని తెలుగులో అనేవాడు.
నిజమే.
చల్లటి పెనం మీద పరిస్తే చాలు,
తన కొవ్వు తనే కరిగించుకుని
తనలో తనే వేగి
అంచులు ముడుచుకుంటూ
చిటపటా ఊరి కబుర్లన్నీ చెప్పేది.
మిగిలిన కొవ్వులో గుడ్డు కొట్టేవాణ్ణి.

ఇప్పుడు గుండెలో ఒక స్టెంటు.
మేనకోడలు దోర్కమ్మ
శ్రీకాకుళం ఆసుపత్రిలో పథ్యాలు చెప్పే ఉద్యోగం.
"మావా, పంది మానీ. టర్కీ తిను.
అందులో కొవ్వుండదు" అంది,
అక్కడికి అదేదో మంచి గుణం అయినట్టు.

కంచిలి అవతల ఒకాయన పెంచుతున్నాడంటే
ఆటో కట్టించుకుని వెళ్లాను.
మెడ కింద ఎర్రతోలు వేలాడేసుకుని
తోక విసనకర్రలా విప్పి
డివిజన్ నుంచి తనిఖీకొచ్చిన అధికారిలా
నన్ను గుడగుడా గదమాయించింది.
ఏడు కిలోలు తూగింది.

తొడ మాంసం సన్నగా చీరి ఉప్పులో పడేశాను.
ఇక పొగ.
ఈ ఊళ్లో ఊరికే దొరికేది జీడిపిక్కల తొక్కు,
దాని పొగ తగిలిందా, నాలిక పొక్కిపోద్ది.
ఉద్దానం నుంచి కొబ్బరి పీచు తెప్పించి
తిత్లీ తుఫానుకి మా పెరట్లోకి ఎగిరొచ్చిన
ఎవరిదో రేకు డ్రమ్ములో రాజేశాను.
పక్కింటోళ్లు రెండుసార్లు వచ్చి
ఇల్లు కాలిపోతోందా అని అడిగారు.

ఆదివారం, ప్రార్థన అయ్యాక,
పెనం మీద పరిచాను.
పక్కకి నిలబడ్డాను.
ఏమీ లేదు.
గోడకి పాత కేలెండరులా
పెనానికి అతుక్కుని ఊరుకుంది.
"ఏటది, సచ్చిందేటి?" అంది మా రూతమ్మ.
చెంచాడు నూనె పోశాను.
తాగేసి మళ్లీ చూసింది.
ఇంకో చెంచాడు.
ఆరోగ్యం కోసం తెచ్చిన పిట్ట
అప్పు మీద బతుకుతోంది.

తిన్నాను. తప్పు చెప్పకూడదు,
పొగ పట్టింది, తీపి పట్టింది.
కొత్తల్లుడిలా మర్యాదగా ఉంది,
అడిగినదానికి జవాబిస్తుంది,
తనంతట తను మాట్లాడదు.

పంది కొట్టు తవిటయ్య ముందునుంచి
నాలుగు ఆదివారాలు తల దించుకుని నడిచాను.
అయిదోసారి కత్తి పక్కన పెట్టి పిలిచాడు.
"ఏం బాబూ, ఎవుడి కొట్టు మరిగావు?"
చెప్పాను.
లుంగీ మడతలోంచి మాత్రల అట్ట తీసి చూపించాడు,
నావే రంగులు.
"నాకూ అదే స్టెంటు. నాకో ముక్క అంపు."
అంపించాను.
చాలాసేపు నమిలి
"ఉప్పు బాగుంది" అన్నాడు,
పాట విని
పాడినావిడ చీర బాగుందన్నట్టు.

నెల తర్వాత రిపోర్టు.
కొవ్వు దిగింది. బీపీ ఎక్కింది.
దోర్కమ్మ కాగితం దించి
"మావా, ఉప్పెంత ఏసినావు?"
"గుప్పెడు."
"ఎవరి గుప్పెడు?"
చెయ్యి తెరిచి చూసుకున్నాను.
నలభైమందికి వండిన చెయ్యి,
ఇద్దరికి వండడం దానికెవరూ చెప్పలేదు.
లోబో దొరా, ఈ లెక్క నువ్వూ చెప్పలేదు.

ఇప్పుడు ఉప్పు సగం, పొగ రెట్టింపు.
రాత్రి రెండున్నరకి గూడ్సు కూత వేస్తే
ఇంకా మెలకువొస్తుంది,
లేచి పొయ్యి వైపు రెండడుగులు వేస్తాను,
మళ్లీ వచ్చి పడుకుంటాను.

మొన్న ఆదివారం
పెనం దగ్గరగా వంగి చెవి పెట్టాను.
ఏదో అంది. చిన్నగా.
అన్నది నూనో, అదో
తేల్చుకునేలోపు
రూతమ్మ గుడ్డు కొట్టేసింది.